కొలత కాని దిమ్మె

వీరస్వామికి మట్టి తెలుసు. ఇంకేమీ పెద్దగా తెలియదు.

నెల్లూరు పక్క మన్ను ఒడ్డెర. చెరువుల్లో పూడిక తీసిన ఇల్లు, కాలువలు తవ్విన ఇల్లు. తండ్రి చేతిలో గడ్డపార, తల్లి నెత్తిన తట్ట. అతను పుట్టింది కాలువ గట్టు మీద వేసిన గుడిసెలో. పని ముగిస్తే గుడిసె విప్పేవాళ్లు. ఫిజీకి వచ్చేటప్పటికి అతనికి ఇరవై దాటి ఉంటాయి. సరిగ్గా ఎన్నో, కూలీలను ఓడ ఎక్కించే డిపోలో ఒకటి రాశారు, ఓడలో ఇంకొకటి రాశారు. అతను రెండింటికీ తల ఊపాడు.

గిర్మిట్ అనే అయిదేళ్ల కూలి ఒప్పందం మీద నవాకా దగ్గర చెరుకు ఎస్టేటులో పడ్డాడు. నాటడం, కలుపు తీయడం, కోయడం నేర్చుకున్నాడు. అవి చేతులకు వచ్చాయి, మనసుకు రాలేదు. చెరుకు వరసలో వంగి ఉన్నప్పుడు కూడా అతని కళ్లు కింద నేలనే చూసేవి. ఇది వాగు మన్ను, ఇది కొండ మన్ను, ఇది ఎవరో తిరగేసిన మన్ను అని తనలో తను అనుకునేవాడు. ఎవరికీ చెప్పేవాడు కాదు. ఎవరూ అడగలేదు.

మూడో ఏడు, కోత అయిపోయాక, కూలీల చేత పని చేయించే సర్దార్ రాందాస్ అడిగాడు.

"మద్రాజీ, నువ్వు మట్టి మనిషివట గదా."

రాందాస్‌ది ఉత్తరాది. మాట్లాడేది హిందుస్తానీ. కూలీల లైన్లలో ఉండే తెలుగువాళ్లంతా ఆ మాట నేర్చుకున్నారు, తప్పులతో సహా.

"అవును సర్దార్."

"అయితే నీకు మట్టి పని దొరికింది. సంతోషించు."

మిల్లుకు చెరుకు మోసే ట్రాము పట్టాలు ఆ పొలం గుండా వేస్తున్నారు. దారిలో ఒక దిబ్బ అడ్డం ఉంది. దాన్ని తీసేయాలి. ఆ మట్టితో అవతల వాగు పల్లం పూడ్చాలి. పని అంతే.

వీరస్వామి గడ్డపార, పార తీసుకొని వెళ్లాడు. చెరుకు మోళ్ల మధ్య గుండ్రంగా ఒక కందకం ఉంది. పూడిపోయి, రెల్లు మొలిచి ఉంది. దాని మధ్యలో దిబ్బ. మనిషి నడుము ఎత్తు. పైన చదును. అంచుల్లో నల్లరాళ్లు. దిబ్బ నెత్తిన గడ్డి గాలికి ఊగుతోంది.

అతను చుట్టూ ఒకసారి తిరిగాడు. గడ్డపార కింద పెట్టాడు. పక్కన కూర్చున్నాడు.

ఎండ ఎక్కాక రాందాస్ వచ్చి చూశాడు. "ఏమైంది?"

"ఇది సాక్షి సర్దార్. ముట్టుకోకూడదు."

మన్ను పనిలో ఒక పద్ధతి ఉంది. గుంట తవ్వేటప్పుడు మధ్యలో ఒక దిమ్మెను తవ్వకుండా వదులుతారు. దాని తల మీద పాత నేల, పాత గడ్డి అలాగే ఉంటాయి. చుట్టూ నేల దిగిపోతుంది, దిమ్మె నిలబడి ఉంటుంది. ఎంత లోతు తవ్వారో అదే చెబుతుంది. వీరస్వామివాళ్లు దాన్ని సాక్షి అనేవాళ్లు. మేస్త్రీ వచ్చి కొలిచేదాకా సాక్షి మీద పార పడకూడదు. కొలిచాక కొట్టేస్తారు. కొలవకముందే కొడితే తవ్విన చేతుల కష్టం మాయమైపోతుంది. గుంట ఒక్కటే మిగిలితే, ఆ గుంట ఎప్పుడూ అక్కడే ఉందంటారు.

ఇంకో తప్పు ఉంది. అది ఇంతకన్నా పెద్దది. సాక్షి తల మీద కాస్త మన్ను పెట్టి, పైన గడ్డి పెళ్ల అతికించి, ఎత్తు పెంచడం. తవ్వని లోతును తవ్వినట్టు చూపడం. వీరస్వామి తండ్రి ఒకసారి ఆ పని చేశాడు. ఎందుకు చేశాడో ఎవరికీ చెప్పలేదు. మేస్త్రీ చెప్పుకాలితో దిమ్మె తలను నెట్టాడు. పెళ్ల ఊడి కింద పడింది. ఆ రోజు నుంచి ఆయన పేరుతో ఆయన్ని ఎవరూ పిలవలేదు. మన్ను పెట్టినోడు అన్నారు. వీరస్వామిని మన్ను పెట్టినోడి కొడుకు అన్నారు. ఓడ ఎందుకు ఎక్కావని అడిగితే వీరస్వామి కరువు అని చెప్పేవాడు. కరువు కూడా ఉండింది.

ఈ సంగతి రాందాస్‌కు చెప్పలేదు. పద్ధతి ఒక్కటే చెప్పాడు. రాందాస్ ఓపిగ్గా విన్నాడు.

"ఎవరి సాక్షి?"

"తెలీదు."

"ఎవరు తవ్వారు?"

"తెలీదు."

"ఎవరొచ్చి కొలవాలి?"

వీరస్వామి ఆలోచించాడు. "అదీ తెలీదు సర్దార్. కందకం ఉంది. మధ్యలో దిమ్మె ఉంది. కొలత అయ్యుంటే కొట్టేసేవాళ్లు గదా."

పక్క వరసలో మోళ్లు తవ్వుతున్న రంగస్వామి నడుము ఎత్తాడు. వీరస్వామి వచ్చిన ఓడలోనే వచ్చినవాడు, అతని జహాజీ. "నీ తాత ముందు ఓడలో వచ్చి తవ్వి ఉంటాడు జహాజీ. కొలిచే సర్దార్ కోసం చూసీ చూసీ చచ్చిపోయి ఉంటాడు."

అందరూ నవ్వారు. రాందాస్ కూడా నవ్వాడు. తర్వాత దిబ్బను చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"ఈ రోజుకు వెళ్లి కలుపు తియ్యి. రేపు చూద్దాం."

రాందాస్ దేనికైనా రేపు అనేవాడు. తిట్టాల్సి వచ్చినా రేపు అనేవాడు.

*

మంగమ్మ వీరస్వామి అక్క కూతురు. చిన్నప్పటినుంచి అతన్ని మామా అనే పిలిచేది. పెళ్లయ్యాక పిలుపు మార్చే పని పడలేదు. అప్పుడామె కడుపుతో ఉంది.

"పని కాదన్నావంట," అంది, పొయ్యిలో చెరుకాకు తోస్తూ.

"కాదనలా. సాక్షి అన్నా."

"కోర్టులో తెల్లదొరకు ఆ తేడా నువ్వే జెప్పు. జైల్లో ఏస్తారు. జైల్లో ఉన్న రోజులన్నీ గిర్మిట్ మీద కలుపుతారు. నేను ఈ లైన్లో ఒక్కదాన్నే కంటా. నీ సాక్షి వచ్చి మంత్రసాని పని చేస్తదా?"

అతను కంచం ముందుకు లాక్కున్నాడు.

"రేపు నేనొచ్చి చూస్తా. మాట్లాడకుండా తిను."

మరునాడు ఆమె తన వరస ముగించి వచ్చింది. దిబ్బ చుట్టూ తిరగలేదు. ఒక పక్క ఎడ్లు తొక్కి అంచు విరిగిన చోట కూర్చుంది. లోపలి మన్ను అక్కడ కనిపిస్తోంది. వేలితో గీకింది. గవ్వ ఒకటి వచ్చింది. బూడిద వచ్చింది. కుండ పెంకు వచ్చింది, దాని మీద దువ్వెనతో గీసినట్టు గీతలు.

"ఇది సాక్షి కాదు మామా."

"ఎందుక్కాదు?"

"సాక్షి నేలలోంచి మిగిలేది. ఇది మోసుకొచ్చి పోసింది. ఇదిగో చూడు. ఇది ఒక తట్ట. ఇది ఇంకో తట్ట. ఈ ఎర్రమన్ను కొండ కాడ నించి తెచ్చింది. ఈ నల్లది వాగుది. నేల తనంతట తాను ఇట్టా గంపలు గంపలుగా పుడతదా?"

వీరస్వామి వంగి చూశాడు. నిజమే. ఎర్ర ముద్ద పక్కన నల్ల ముద్ద, దాని మీద బూడిద ముద్ద. కుమ్మరించిన తట్ట ఎలా కూర్చుంటుందో మోసిన మనిషికి తెలుస్తుంది. అతను ఎప్పుడూ తవ్వాడు. ఆమె ఎప్పుడూ మోసింది.

"అయితే కొట్టొచ్చా?"

"నన్నడుగుతావేంది? గడ్డపార నీ చేతిలో ఉండాది."

"తవ్వి వదిలితే కొలవాలి. మోసి పోస్తే?"

"మోసి పోసినా లెక్కే గదా. కట్ట మీద తట్టలు లెక్కబెట్టే మనిషి నిలబడేవాడు, మర్చిపోయినావా?"

"మరి ఇక్కడ నిలబడిందెవరు?"

మంగమ్మకు కోపం వచ్చింది. లేచి చీర దులుపుకుంది.

"అడగడానికి ఎవురన్నా ఉంటే అడుగు. లేకుంటే పని చెయ్యి."

*

అడగడానికి ఒకరు ఉన్నారు. ఏటి అవతల కాయివీటీల ఊరు. వాళ్లు ఈ దేశం మనుషులు. ఆ ఊరి ముసలివాడు సేరూ అప్పుడప్పుడు పొలం గుండా నడిచి వచ్చేవాడు. దిబ్బ దగ్గరకు రాగానే వంగేవాడు. వాళ్ల మర్యాద ప్రకారం అరచేతులు గుల్ల చేసి మెల్లగా చప్పట్లు కొట్టి, ఒక పక్కన కూర్చునేవాడు. దిబ్బ పైకి ఎక్కేవాడు కాదు. వీరస్వామి అతన్ని తాతా అని పిలిచాడు. ముసలివాణ్ణి ఇంకేమని పిలవాలో తెలియలేదు. ఇద్దరికీ వచ్చింది చెరో సగం హిందుస్తానీ.

"తాతా, ఇదేమిటి?"

"యావు."

"యావు అంటే?"

"ఇల్లు."

వీరస్వామి తలెత్తి చూశాడు. గోడ లేదు. కప్పు లేదు. గడ్డి ఉంది.

"ఇల్లేదీ?"

"ఇల్లు పోయింది. ఇది ఇల్లు."

"ఎవరిది?"

"నాది."

"నువ్వు ఇందులో ఉన్నావా?"

"లేదు."

"మీ నాన్న?"

"లేదు."

"మీ తాత?"

"లేదు. ఆయన కూడా వచ్చి ఇక్కడే కూర్చునేవాడు."

"మరి నీదెట్లా?"

తెలిసిన సంగతి తెలియని మనిషిని చూసినట్టు చూశాడు సేరూ. "మట్టి మావాళ్లు పోశారు. మట్టి ఉంది." తర్వాత అడిగాడు. "నీ ఇల్లెక్కడ?"

వీరస్వామి పడమటి వైపు, సముద్రం వైపు చెయ్యి చూపాడు.

"అక్కడ మట్టి ఉందా?"

కాలువ గట్టు గుర్తొచ్చింది. విప్పిన గుడిసె గుర్తొచ్చింది. నేల మీద నాలుగు గుంజ గుంటలు. అవి కూడా వానకు పూడి ఉంటాయి.

"లేదు."

సేరూకు జాలి వేసినట్టుంది. సంచిలోంచి చేమదుంపలాంటి డాలో గడ్డ ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు. లేవబోతూ అన్నాడు. "ఇది తీసేస్తే మేం ఇక్కడ ఉన్నామని ఎవరికి తెలుస్తుంది?"

ఆ మాట వీరస్వామి ఇంతకుముందు విన్నాడు. వేరే మాటల్లో, ఇంకో గుంట పక్కన.

సాయంత్రం మంగమ్మకు డాలో ఇచ్చాడు. "సాక్షే," అన్నాడు.

"కాదని జెప్పినా గదా."

"సాక్షి కాదు. కానీ సాక్షే."

"నీకు ఎండ తగిలింది మామా. నీళ్లు తాగు."

*

తెల్ల ఓవర్సీరును లైన్లలో కులంబర్ అనేవాళ్లు. అతను గుర్రం మీద వచ్చాడు. దిబ్బ అలాగే ఉండటం చూశాడు. అరవబోయాడు. అంతలో కుండ పెంకులు కనిపించాయి. దిగి ఒకటి తీశాడు. రుమాలుతో తుడిచాడు. గీతలను వేలితో తడిమాడు. అతని ముఖం పిల్లవాడి ముఖంలా అయింది.

"ఇలాంటివి సూవా పట్నంలో గాజుపెట్టెల్లో పెడతారు. చాలా పాతవి. జాగ్రత్తగా ఏరు. ఒక్కటి విరగ్గొట్టినా ఊరుకోను."

"సరే సాహెబ్."

"మట్టి ఈ వారంలోపల వాగులో ఉండాలి. లేదంటే కోర్టు."

సేరూ అక్కడే కూర్చుని ఉన్నాడు. కులంబర్ అతనికి మర్యాదగా తల వంచి పొగాకు ఇచ్చాడు. ఈ పొలం ఎస్టేటుకు ఇచ్చినట్టు మీ పెద్దలు కాగితం మీద వేలిముద్రలు వేశారు గదా అన్నాడు.

"కాగితంలో పొలం ఉంది. ఇల్లు లేదు," అన్నాడు సేరూ.

కులంబర్‌కు అర్థం కాలేదు. పెంకులను జేబులో వేసుకొని వెళ్లాడు.

"సర్దార్, కుండ పెంకును దాస్తారు. ఆ కుండ ఉన్న ఇంటిని కొట్టేస్తారు. ఇదేం పద్ధతి?" అన్నాడు వీరస్వామి.

"దొరల పద్ధతి," అన్నాడు రాందాస్. "నీ పద్ధతి నాకు అర్థం కాలేదు, నేనేమన్నా అడిగానా? కొట్టు."

వీరస్వామి తట్టతో వచ్చిన మంగమ్మ కడుపును చూశాడు. సేరూను చూశాడు. గడ్డపార ఎత్తాడు.

ఆ పని చేసిన రోజుల్లో సేరూ రోజూ వచ్చాడు. ఆపలేదు. మాట్లాడలేదు. కందకం అవతల కూర్చుని చూశాడు. తిట్టి ఉంటే వీరస్వామికి కాస్త తేలిగ్గా ఉండేది. మంగమ్మ తట్ట ఎత్తుకొని అతని పక్క నుంచి వెళ్లేటప్పుడు ముఖం అటు తిప్పుకునేది. మన్ను మోయడం ఆమెకు కొత్త కాదు. ఒకరు మోసి పోసిన మన్నును వెనక్కి మోయడం కొత్త.

దిబ్బ దిగింది. గవ్వలు, బూడిద, ఎర్రమన్ను, నల్లమన్ను అన్నీ వాగు పల్లంలో కలిసిపోయాయి. కానీ వీరస్వామి తను నేర్చిన పని ప్రకారమే తవ్వాడు. పట్టాల కోసం నాటిన మేకులకు కాస్త ఇవతల ఒక దిమ్మెను వదిలాడు. పూర్తి ఎత్తు. తల మీద పాత గడ్డి, ఒక నల్లరాయి. నాలుగు పక్కలా తట్ట మీద తట్ట కనిపిస్తోంది.

కులంబర్ అడిగాడు. "అదెందుకు వదిలాడు?"

రాందాస్ చెప్పాడు. "కొలత కోసం సాహెబ్. ఎంత మట్టి తీశాడో నేను కొలవాలి. కొలిచాక కొట్టేస్తాడు."

"ఎప్పుడు కొలుస్తావు?"

"రేపు."

*

పట్టాలు పడ్డాయి. చెరుకు బండ్లు నడిచాయి. దిమ్మె పక్కన నిలబడి ఉంది. కొలత కాలేదు.

వీరస్వామి మొదట్లో ఎదురు చూశాడు. తర్వాత అడిగాడు. "సర్దార్, కొలవవా?"

"తొందరేముంది? అదెక్కడికన్నా పోతుందా?"

రాందాస్ మంచివాడో, బద్ధకస్తుడో, కాయివీటీల పెద్దలంటే భయపడ్డాడో ఎవరికీ తెలియలేదు. ఒకసారి వీరస్వామి అదే అడిగాడు. రేపు చెబుతానన్నాడు.

వానాకాలం వచ్చింది. నీళ్లు దిమ్మె పక్కలను కోయడం మొదలుపెట్టాయి. కొలవకముందే కరిగిపోతే కొట్టేసినదానితో సమానం. వీరస్వామి నాలుగు గుంజలు పాతి చెరుకాకుతో కప్పు వేశాడు. సేరూ వచ్చాడు. కప్పు కింద దిమ్మెను చూశాడు.

"ఇప్పుడు ఇల్లు," అన్నాడు.

"ఇల్లు కాదు తాతా. సాక్షి."

"ఇల్లు," అన్నాడు సేరూ. కొబ్బరి చిప్పలో తెచ్చుకున్న యంగోనా వేరు కషాయంలో సగం తను తాగాడు, సగం వీరస్వామికి ఇచ్చాడు. మిగిలిన చుక్కలు దిమ్మె మొదట్లో పోశాడు. వీరస్వామి నాలుక మొద్దుబారింది. ఇద్దరూ ఒకే మట్టిని చూస్తూ కూర్చున్నారు. తను కాపలా కాస్తున్నది తన పనికో, ఈ ముసలివాడి ఇంటికో వీరస్వామికి తెలియలేదు. ఇల్లు కొట్టింది తనే. మిగిలిన ముక్కకు కప్పు వేసిందీ తనే. ఇందుకు ముసలివాడు తనను ఎందుకు పక్కన కూర్చోబెట్టుకున్నాడో కూడా తెలియలేదు.

కూతురు పుట్టింది. కాంతి అని పేరు పెట్టారు. గిర్మిట్ ముగియడానికి ఒక కోత మిగిలింది. రాందాస్ లౌతోకా పక్కన లోవు అనే ఊళ్లో నేల తీసుకొని వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు దిమ్మె ముందు ఆగాడు. వీరస్వామి భుజం తట్టి నడిచాడు.

కొలవాల్సిన మనిషి వెళ్లిపోయాడు. ఇక దాన్ని ఎవరు కొలుస్తారు? కొలవకుంటే ఎవరు కొడతారు? వీరస్వామి ఆలోచన అక్కడ ఆగిపోయేది.

*

ఎస్టేటుకు కొత్త కులంబర్ వచ్చాడు. కుర్రవాడు, చురుకైనవాడు. పట్టాల పక్కన రెండో దారి వేయాలన్నాడు. దిమ్మె ముందు గుర్రం ఆపాడు.

"ఇదేమిటి?"

"కొలత కాలేదు సాహెబ్," అన్నాడు వీరస్వామి.

కులంబర్ జేబులోంచి టేపు తీశాడు. గుర్రం దిగాడు. దిమ్మె మొదట్లో ఒక కొస పట్టుకోమన్నాడు. తలదాకా లాగాడు. గడ్డి మొదలు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"అయింది. ఇంక దీనితో పని లేదు. రేపు పొద్దున నేనొచ్చేసరికి ఇది ఇక్కడ ఉండకూడదు. ఉంటే నువ్వు కోర్టులో ఉంటావు."

వెళ్లిపోయాడు. ఇన్నాళ్లు ఆగిన పని అరనిమిషంలో అయిపోయింది. వీరస్వామి టేపు కొస పట్టుకున్న చేతిని చూసుకున్నాడు.

ఇంటికి వచ్చి చెప్పాడు. "కొలిచాడు మంగా."

"కొలిస్తే?"

"కొట్టాలి. పద్ధతి అదే."

మంగమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు. "తవ్వినోళ్ల కొలత అయింది. పోసినోళ్ల కొలతో?"

"పోసినోళ్లు లేరు గదా."

"తాత ఉండాడు."

"తాతకు కొలత తెలీదు. ఇల్లు అంటాడు, అంతే."

"కోత అయితే మన గిర్మిట్ అయిపోతది," అంది మంగమ్మ. "నువ్వు జైలుకు పోవద్దు. తాత ఇల్లు పోవద్దు. రెండూ కావాలి నాకు."

"రెండూ ఎట్లా అవుతాయి?"

"నాకేం తెలుసు?" అంది మంగమ్మ. చేటను గట్టిగా కొట్టింది.

పొద్దున వీరస్వామి గడ్డపార, పార భుజాన వేసుకొని వెళ్లాడు. మంగమ్మ అప్పటికే అక్కడ ఉంది. సేరూ కూర్చుని ఉన్నాడు. కాంతి అతని ఒళ్లో ఉంది. చెరుకాకు కప్పు తీసి పక్కన పెట్టి ఉంది. మంగమ్మ నెత్తిన నిండు తట్ట.

ఆమె పట్టా మీద కాలు పెట్టి పైకి లేచింది. తట్టను దిమ్మె తల మీద కుమ్మరించింది. కింద నుంచి ఒక గడ్డి పెళ్ల తీసి పైన పరిచింది.

వీరస్వామి ఆమె దగ్గరకు పరుగెత్తాడు. "ఏం చేస్తన్నావే?"

"మన్ను పెడతన్నా."

"దిగు. దిగు ముందు. అది దొంగతనం."

"ఎవురి సొమ్ము?" ఆమె దిగలేదు. "ఈ మన్ను వాగు పల్లంలోది. వాగులోకి యాడ నించి పోయింది? ఇక్కడ నించే. నా నెత్తి మీదే పోయింది. చూడు, గవ్వలుండాయి. తీసినకాడ తెచ్చి పెడితే దొంగతనమా?"

"కొలత తప్పుతది."

"తప్పనీ."

"మా నాయన చేసిన పని ఇది."

"నీకు నాయనైతే నాకు తాత," అంది మంగమ్మ. "నాకు సిగ్గు లేదా?"

వీరస్వామి కొత్త మట్టిని చూశాడు. అది అక్కడిదే. అది అక్కడిది కాదు కూడా. తీసేటప్పుడు ఒక వరస ఉండింది, ఇప్పుడు ఆ వరస లేదు. ఎర్రదీ నల్లదీ కలిసిపోయాయి. దీన్ని వదిలింది అనాలా, పోసింది అనాలా, దొంగిలించింది అనాలా? తవ్వేవాళ్లలో అతను నేర్చిన మాటల్లో దీనికి మాట లేదు.

సేరూ కాంతిని చంకనెత్తుకొని లేచాడు. ఇన్నాళ్లలో మొదటిసారి దిమ్మె తల మీద చెయ్యి వేశాడు. అరచేత్తో కొత్త మట్టిని అదిమాడు. తర్వాత వీరస్వామి వైపు చూశాడు, నీ వంతు అన్నట్టు.

దూరంగా గుర్రం డెక్కల చప్పుడు.

వీరస్వామి గడ్డపార కింద పడేశాడు. పారను తిరగేశాడు. పార వెనక వైపుతో మట్టిని తట్టాడు. అంచులు తట్టాడు. పెళ్ల వేళ్లు పాత గడ్డి వేళ్లలోకి దిగేలా తట్టాడు. చేతులకు ఆ పని తెలుసు. తండ్రి పెట్టిన పెళ్ల ఆ రోజు ఎందుకు ఊడి పడిందో అతనికి అప్పుడు అర్థమైంది. ఆయన సరిగ్గా తట్టలేదు. భయపడి ఉంటాడు.

కులంబర్ వచ్చాడు. ముఖం ఎర్రబడింది. "ఇంకా ఉందేం?"

"కొలత తప్పు సాహెబ్," అన్నాడు వీరస్వామి. "మళ్లీ కొలవండి."

కులంబర్ టేపు తీశాడు. కొలిచాడు. నిన్న వచ్చినది రాలేదు. మళ్లీ కొలిచాడు. టేపు కొసను వెలుగుకు పట్టి చూశాడు. బూటుకాలు ఎత్తి దిమ్మె తలను తన్నాడు. వీరస్వామి కళ్లు మూసుకున్నాడు.

ఏమీ పడలేదు.

కులంబర్ ముగ్గురినీ చూశాడు. తట్ట చంకన పెట్టుకున్న ఆడమనిషి. బిడ్డను ఎత్తుకున్న కాయివీటీ ముసలివాడు. కళ్లు మూసుకున్న కూలీ. ఏదో జరిగిందని అతనికి తెలుసు. ఏమిటో తెలియలేదు. ఏమని కోర్టుకు పంపాలి? కొలత కుదరని దిమ్మెను కొట్టలేదనా? రాత్రికి రాత్రి నేల పెరిగిందని రాయాలా?

"రేపు చూద్దాం," అన్నాడు.

వీరస్వామి ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. రాందాస్ తిరిగి వచ్చాడనుకున్నాడు.

*

కోత వచ్చి పడింది. రెండో దారిని పట్టాల అవతలి పక్కన వేశారు. గిర్మిట్ ముగిసింది. వీరస్వామి ఏటి ఇవతల కాస్త నేల కౌలుకు తీసుకున్నాడు. అక్కడినుంచి చూస్తే దిమ్మె కనిపించేది.

ప్రతి వానాకాలం దిమ్మె తల కొంచెం కరిగేది. వాన వెలిశాక మంగమ్మ వాగు పల్లం నుంచి ఒక తట్ట తెచ్చి పోసేది. వీరస్వామి పార వెనక వైపుతో తట్టేవాడు. ఒక ఏడు సేరూ కూడా ఒక బుట్ట తెచ్చాడు. ఆ మట్టి ఎక్కడిదో చెప్పలేదు. వీరస్వామి అడగలేదు. సేరూ పోయాక అతని ఊరివాళ్లు ఎవరో ఒకరు వచ్చి, చప్పట్లు కొట్టి, పక్కన కూర్చునేవాళ్లు. అదేమిటని వీరస్వామిని అడిగినవాళ్లకు రోజుకో జవాబు దొరికేది. ఒకరోజు సాక్షి అనేవాడు. ఒకరోజు ఇల్లు అనేవాడు. ఒక్కోసారి, ఇంకా తేలలేదు అనేవాడు.

తండ్రి సంగతి అతను ఫిజీలో మంగమ్మతో తప్ప ఎవరితోనూ అనలేదు. మంగమ్మ ఎవరితోనూ అనలేదు. ఒక వాన వెలిసిన పొద్దున రంగస్వామి పట్టాల మీదుగా వస్తూ, దిమ్మె దగ్గర పారతో తడుతున్న అతన్ని చూసి, దూరం నుంచే సరదాగా కేకేశాడు.

"ఓ మన్ను పెట్టినోడా! తట్టింది చాలు గానీ, రా, టీ తాగుదాం!"

వీరస్వామి చెయ్యి ఆగింది. ఆ పేరు సముద్రం దాటి ఇక్కడికి ఎలా వచ్చిందో అతనికి అర్థం కాలేదు. మంగమ్మ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, నేను చెప్పలేదని.

పెళ్ల అంచును ఇంకోసారి తట్టాడు. తర్వాత ఆ పేరుకు పలికాడు.

"వస్తన్నా."